బిగుసుకున్న వెన్ను, విరేచనాల తర్వాతి కీళ్లు

(ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత వైద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, "కీళ్ల జబ్బుల గురించి చెప్పండి, ఏం తినాలో ఏం మానాలో చెప్పండి" అన్నారు. తిండి సంగతి చివర్లో ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు కాబట్టి దాన్ని అప్పటికి వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది రెండు జబ్బుల చరిత్ర. మొదటిది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వయసులో ఉన్నవాళ్ల వెన్నును పట్టుకుని, ఏళ్లు గడిచేకొద్దీ పూసలన్నిటినీ ఒకే ఎముకగా అతికించేస్తుంది. రెండోది రియాక్టివ్ ఆర్థరైటిస్. విరేచనాలో, మూత్రనాళంలో ఇన్ఫెక్షనో వచ్చి తగ్గిపోయి, "హమ్మయ్య" అనుకున్న కొన్ని వారాలకు మోకాలు, చీలమండ వాస్తాయి. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని తేలడానికి వైద్యానికి మూడు శతాబ్దాలకు కాస్త తక్కువ కాలం పట్టింది. సాక్ష్యాలకు ఏనాడూ కొదవ లేదు. కంటిని ఒక డాక్టరు చూశాడు, కీలును మరొకరు, పేగును ఇంకొకరు చూశారు. కలిపి చూసినవాడు లేకపోయాడు.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. మన దగ్గర మెడ నొప్పి ఉన్న ప్రతివారూ "నాకు స్పాండిలైటిస్ అండీ" అంటూ మెడపట్టీ చూపిస్తారు. అది చాలావరకు వయసుతో వచ్చే అరుగుదల. ఈ రోజు మన విషయం అరుగుదల కాదు, లోపలి నుంచి పుట్టే వాపు. ఇరవైల్లో, ముప్పైల్లో మొదలవుతుంది.

ఇక ఫ్రాన్సుకు వెళ్దాం. 1690ల తొలి సంవత్సరాలు. బెర్నార్డ్ కానర్ అనే ఐర్లాండు యువకుడు అక్కడ వైద్యం చదువుతున్నాడు. మట్టిలోంచి బయటపడ్డ ఒక అస్థిపంజరం ముక్క ఆయన చేతికి వచ్చింది. కటి ఎముకలు, వెన్ను అడుగున ఉండే త్రికం అనే ఎముక, నడుము పూసలు, వీపు పూసలు, వాటిని అంటిపెట్టుకున్న పక్కటెముకలు అన్నీ కలిసి ఒకే ఎముక. పూసకూ పూసకూ మధ్య కీలు ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. పూసలను కట్టి ఉంచే స్నాయువులు సైతం ఎముకగా మారిపోయాయి. మరొకరైతే వింత వస్తువుగా అల్మరాలో పెట్టుకునేవారు. కానర్ మాత్రం ఈ మనిషి ఎలా బతికి ఉంటాడని ఆలోచించాడు. వంగడం, నిటారుగా సాగడం, పక్కకు తిరగడం ఏదీ సాధ్యం కాదు. పక్కటెముకలు కదలవు గనక ఛాతీ విప్పి ఊపిరి పీల్చడమూ కష్టమే అని తేల్చాడు. ఈ రోజుకీ మేము ఈ జబ్బు ఉన్నవారి ఛాతీకి టేపు చుట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పి, ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో చూస్తాం. ఎండిపోయిన ఎముకను చూసి, ఆ మనిషి ఊపిరి ఎలా ఆడిందో ఊహించగలిగాడంటే ఆ బుర్రకు దండం పెట్టాల్సిందే. తర్వాత ఆయన పోలండు రాజు యాన్ సోబియెస్కీకి వైద్యుడయ్యాడు. 1698లో, ముప్పై రెండేళ్లకే పోయాడు.

ఎముకలతో ఒక చిక్కు ఉంది. అవి నిజమే చెబుతాయి గాని మనం తప్పుగా వింటాం. ఈజిప్టు చక్రవర్తి రెండో రామెసెస్ మమ్మీకి ఎక్స్‌రేలు తీసి, ఆయనకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉందని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో సైతం రాశారు. మూడు వేల ఏళ్ల నాటి రాజవంశపు జబ్బు అని చెప్పుకోవడం మాకూ బాగానే ఉండేది. 2014లో కైరో పరిశోధకులు రాజుల మమ్మీల సీటీ స్కాన్లను ప్రచురించి, ఆ ముచ్చట కాస్తా తీర్చేశారు. వెన్నెముక అడుగున త్రికం, కటి ఎముక కలిసే కీళ్లు రెండుంటాయి. ఈ జబ్బు మొదలయ్యేదే సాధారణంగా అక్కడ. రామెసెస్‌కు ఆ కీళ్లలో ఈ జబ్బు లక్షణాలే లేవు. ఆయనది పెద్ద వయసులో వెన్ను ముందువైపు ఎముక పేరుకునే మరో జబ్బు. తొంభై ఏళ్ల దాకా బతికాడంటారు కాబట్టి అందులో వింత కూడా లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. సర్ బెంజమిన్ బ్రోడీ. లండన్‌లో పేరు మోసిన సర్జన్, తర్వాతి కాలంలో రాయల్ సొసైటీ అధ్యక్షుడు. 1818లో కీళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం వేశాడు. అందులో ఐదుగురు రోగుల కథలు ఉన్నాయి. ముందు మూత్రనాళంలో మంట, ఆ తర్వాత కళ్లు ఎర్రబడటం, ఆపైన కీళ్లు వాయడం. వంద ఏళ్ల తర్వాత ఇంకొకరి పేరు తగిలించుకోబోయే జబ్బు అది. దాన్ని ఆయన శుభ్రంగా, వరస తప్పకుండా వర్ణించాడు. మళ్లీ 1850లో, వెన్ను పూర్తిగా బిగుసుకున్న ఒక మనిషి గురించి రాస్తూ, అతనికి అప్పుడప్పుడూ కంటిలో తీవ్రమైన వాపు వచ్చేదని నమోదు చేశాడు. మొదటి చోట కీలు, కన్ను. రెండో చోట వెన్ను, కన్ను. ముప్పై రెండేళ్ల తేడాతో ఒకే చేత్తో రాసిన రెండు పరిశీలనలు. రెండింటిలోనూ కన్ను ఉంది. ఆ కన్ను దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే! ఆగలేదు. ఆయన్ని తప్పు పట్టలేం. సాలుకు వందల మందిని చూసే సర్జన్‌కు, ముప్పై ఏళ్ల కిందటి ఐదుగురు గుర్తుకు రావాలని కోరడం అన్యాయం.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లియొనార్డ్ ట్రాస్క్ అనే మనిషి ఉండేవాడు. 1833లో గుర్రం మీంచి పడ్డాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెన్ను, మెడ వంగుతూ పోయి, చివరికి గడ్డం రొమ్ముకు ఆనింది. ఎదురుగా ఎవరున్నారో చూడలేడు. కూలి పని పోయింది. 1858లో ఆయన కష్టాలను చెప్పే చిన్న పుస్తకం అచ్చయింది. అమెరికాలో ఈ జబ్బుకు దొరికే తొలి వర్ణన వైద్య పత్రికలోది కాదు, ఆ పుస్తకంలోదే. ఆయనా, చుట్టుపక్కల వాళ్లూ గుర్రం మీంచి పడటమే కారణమని నమ్మారు. మనవాళ్లు కూడా "బండి మీంచి పడ్డప్పటి నుంచీ నడుము పట్టేసింది డాక్టరు గారూ" అంటారు. పడటం గుర్తుంటుంది. అంతకు ఏడాది ముందు నుంచీ తెల్లవారుజామున నడుము బిగుసుకుని మెలకువ వచ్చేదన్న సంగతి, అడిగితే గాని బయటికి రాదు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ముగ్గురు పెద్దలు రంగంలోకి దిగారు. జర్మనీలో అడాల్ఫ్ స్ట్రుంపెల్, రష్యాలో వ్లాదిమీర్ బెఖ్తెరెవ్, ఫ్రాన్సులో పియర్ మారీ. 1884 నుంచి 1898 మధ్య ముగ్గురూ విడివిడిగా ఈ జబ్బును వర్ణించారు. జబ్బుకు వాళ్ల పేర్లే నిలిచాయి. రష్యాలోనూ, జర్మన్ మాట్లాడే చోట్లా ఇప్పటికీ బెఖ్తెరెవ్ జబ్బు అంటారు. నన్ను ఆకర్షించేది మరో విషయం. ముగ్గురూ నరాల వైద్యులే! వెన్ను అంటే వెన్నుపాము, వెన్నుపాము అంటే నరాలు, కాబట్టి రోగి వాళ్ల దగ్గరికి వెళ్లాడు. బెఖ్తెరెవ్ దీన్ని నరాల వైపు నుంచే వివరించబోయాడు. మారీ మాత్రం తుంటి, భుజాల వంటి మొదలు కీళ్లు కూడా బిగుసుకుంటాయని స్పష్టంగా చూశాడు. అది పెద్ద అడుగే. అయినా రోగి కళ్ల గురించి, పేగుల గురించి అడగాలని ఎవరికీ తట్టలేదు.

1895లో ఎక్స్‌రే వచ్చింది. 1930ల నాటికి, పూసలు బిగియక ముందే నడుము అడుగు కీళ్లు చెడుతున్నాయని ఫిల్ముల్లో తేలింది. పూర్తిగా బిగిసిన వెన్ను ఫిల్ములో కణుపులున్న బొంగులా కనిపిస్తుంది. అందుకే వెదురు వెన్ను అంటాం.

ఎక్స్‌రే ఇంకో పని కూడా చేసింది. అది చెప్పడానికి కొంచెం బాధగానే ఉంటుంది. వెన్నుకు ఎక్స్‌రే కిరణాలు గట్టిగా పట్టిస్తే నొప్పి తగ్గుతోందని కనిపెట్టారు. నిజంగానే తగ్గింది. వేరే మందు లేని రోజుల్లో, రాత్రంతా నిద్ర పట్టని మనిషికి అది వరమే. బ్రిటన్‌లో 1930ల మధ్య నుంచి 1950ల మధ్య దాకా పద్నాలుగు వేల మందికి పైగా ఈ చికిత్స పొందారు. తర్వాత కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ అనే ఇద్దరు ఆ రోగుల పేర్లన్నీ వెతికి, ఎవరు ఏమయ్యారో తేల్చారు. 1957లో మొదటి నివేదిక, 1965లో పెద్దది. రక్త క్యాన్సర్ సాధారణ జనంలో కంటే చాలా రెట్లు ఎక్కువ. ఆ రోగుల లెక్కలు హిరోషిమా, నాగసాకి బాధితుల లెక్కల పక్కన చేరి, రేడియేషన్ వల్ల ఎంత ప్రమాదమో ప్రపంచానికి నేర్పాయి. ఈ రోజు స్కాన్ తీసేటప్పుడు "అవసరమైతేనే" అని డాక్టరు అంటున్నాడంటే, ఆ జాగ్రత్తలో నడుము నొప్పి తగ్గితే చాలనుకుని మరబల్ల మీద బోర్లా పడుకున్న ఆ మనుషులకూ వాటా ఉంది.

వినీ వినీ విసుగొచ్చి ఉంటుంది. ఒక పని చేద్దాం. ముందు వరసలో ఉన్న ఆ బాబు ఇలా రావాలి. భయం లేదు, సూది లేదు. (నవ్వులు) చొక్కా కాస్త పైకి తీయండి. నడుము కింద రెండు పక్కలా చిన్న గుంటలు ఉంటాయి, చూశారా? ఆ రెండింటి మధ్య పెన్నుతో ఒక గీత పెడుతున్నాను. అక్కడి నుంచి పైకి పది సెంటీమీటర్ల దగ్గర ఇంకో గీత. ఇప్పుడు మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి నేలను అందుకోండి. టేపు ఎంత చూపిస్తోంది? పదిహేను దాటింది. పది సెంటీమీటర్ల చర్మం పదిహేనుకు సాగిందంటే కింద పూసలు ఒకదాని నుంచి ఒకటి విచ్చుకున్నాయన్నమాట. జబ్బు ముదిరినవారిలో పది, పదకొండు దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు కూడా వంగుతారు, కాని తుంటి దగ్గర వంగుతారు. వీపు పలకలా ఉండిపోతుంది. 1937లో షోబర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన పరీక్ష ఇది. దర్జీ టేపు చాలు. సంతోషం బాబూ, కూర్చోండి.

ఇక రెండో జబ్బు. దీని చరిత్ర యుద్ధభూమిలో నడుస్తుంది, ఎందుకంటే సైన్యం ఎక్కడ ఉంటే విరేచనాలు అక్కడ ఉంటాయి. 1916. మొదటి ప్రపంచ యుద్ధం. బాల్కన్ రంగంలో ఒక జర్మన్ యువ సైనికాధికారికి విరేచనాలు పట్టుకున్నాయి. కొద్ది రోజులకు మూత్రంలో మంట, కళ్లు ఎర్రబడటం, ఆపైన కీళ్ల వాపు. చూసిన సైనిక వైద్యుడు హన్స్ రైటర్. సరిగ్గా అదే ఏడాది, ఎదుటి పక్షాన, ఫ్రెంచి సైనికుల్లో ఇదే వరసను ఫీసింజే, లెరాయ్ అనే ఇద్దరు వైద్యులు రాశారు. ఫ్రెంచివారు విరేచనాలతో సంబంధాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. రైటర్ దారి తప్పాడు. అంతకు ఏడాది ముందు ఆయన కామెర్లు తెచ్చే వైల్ జబ్బుకు కారణమైన మెలికల సూక్ష్మజీవిని కనుగొన్న జర్మన్ బృందాల్లో ఒకదానిలో ఉన్నాడు. ఆ ఊపులో ఇక్కడా అలాంటి మెలికల జీవే ఉందని నమ్మి, జబ్బుకు ఆ పేరే పెట్టాడు. పచ్చకామెర్ల వాడి సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. (నవ్వులు)

అలా కారణం తప్పు చెప్పినవాడి పేరే జబ్బుకు స్థిరపడింది. 1942లో అమెరికాలో వాల్టర్ బావర్, ఎఫ్రాయిమ్ ఎంగిల్‌మన్ అనే వైద్యులు ఒక కేసు రాస్తూ దీన్ని "రైటర్ సిండ్రోమ్" అన్నారు. ప్రపంచమంతా ఆ పేరే పట్టుకుంది. నేనూ ఆ పేరుతోనే చదువుకున్నాను, పరీక్షల్లో ఆ పేరే రాశాను. ఆ రైటర్ ఎవరో మాకు ఎవరూ చెప్పలేదు. ఆయన 1931లోనే నాజీ పార్టీలో చేరాడు. 1933 నుంచి హిట్లర్ ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ కేంద్ర కార్యాలయానికి అధ్యక్షుడు. జాతి శుద్ధి సిద్ధాంతాలను సమర్థించినవాడు. బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీల మీద జరిగిన టైఫస్ టీకా ప్రయోగాలతో ఆయనకు సంబంధం ఉంది. ఆ ప్రయోగాల్లో మనుషులు చచ్చిపోయారు. యుద్ధం తర్వాత రెండేళ్లు నిర్బంధంలో ఉండి బయటికి వచ్చి, 1969లో, ఎనభై ఎనిమిదో ఏట పోయాడు.

ఇక్కడే ఈ కథలో నాకు నచ్చిన ఘట్టం. 1942లో ఆ పేరు పెట్టిన ఇద్దరిలో ఎంగిల్‌మన్ యూదుడు. రైటర్ గతం బయటపడ్డాక, అరవై ఐదేళ్ల తర్వాత, 2007లో మరికొందరితో కలిసి ఒక లేఖ రాశాడు. మేము సూచించిన పేరును మేమే వెనక్కి తీసుకుంటున్నాం, ఈ మనిషికి దక్కాల్సింది గౌరవం కాదు అని. అప్పటికి ఆయనకు తొంభై దాటింది. నూట నాలుగేళ్లు బతికి 2015లో కన్నుమూశాడు. పేరు మార్చినంత మాత్రాన రోగికి ఒరిగేదేముంది అని కొందరు పెద్ద డాక్టర్లే అన్నారు. నేను ఒప్పుకోను. రోజూ రోగి చీటీ మీద మన చేత్తో రాసే పేరు అది.

మరి ఇప్పటి పేరు, రియాక్టివ్ ఆర్థరైటిస్, ఎక్కడిది? ఫిన్లాండుది. 1944లో కరేలియా యుద్ధరంగంలో ఫిన్నిష్ సైనికుల మధ్య విరేచనాలు పెద్దఎత్తున వ్యాపించాయి. ఆ వ్యాప్తిలో దాదాపు లక్షన్నర మందికి సోకింది. వాళ్లలో 344 మందికి ఈ కీళ్ల జబ్బు వచ్చిందని పారోనెన్ అనే వైద్యుడు 1948లో లెక్క కట్టి రాశాడు. లక్షన్నరలో 344 అంటే చాలా తక్కువ. మరి వాళ్లకే ఎందుకు? మిగిలినవాళ్లు తాగింది వేరే నీళ్లా? 1969లో అదే దేశంలో ఆహ్వోనెన్, సీవర్స్, ఆహో అనే పరిశోధకులు ఎర్సీనియా అనే పేగు బ్యాక్టీరియా తర్వాత వచ్చే కీళ్ల వాపును చూసి, కీలులో బతికున్న సూక్ష్మజీవి దొరకదు, అది పేగులోనే ఆగుతుంది, కీలు దానికి ప్రతిస్పందిస్తుంది అని చెప్పి, ఈ పేరు పెట్టారు.

అమెరికాలో ఒక ఓడ ఈ ప్రశ్నకు దారి చూపింది. నౌకాదళపు ఓడ. 1,276 మంది సిబ్బంది. 602 మందికి విరేచనాలు. అదే ఓడ, అదే వంట, అదే సూక్ష్మజీవి. కీళ్లు, కళ్లు, మూత్రనాళం మూడూ చెడింది తొమ్మిది మందికి. విరేచనాలు రాని మిగతావాళ్లలో ఒక్కరికీ రాలేదు. 1966లో దీన్ని ప్రచురించినప్పుడు, ప్రకృతి తానే చేసి పెట్టిన ప్రయోగం ఇది అన్నట్టుగా రాశారు. ఫలితం ఉంది గాని, ఆ తొమ్మిది మందిలో ఏముందో చూసే సాధనం ఆ రోజు లేదు.

ఏడేళ్లకు వచ్చింది. మూత్రపిండాల మార్పిడి కోసం దాత రక్తం, రోగి రక్తం కుదురుతాయా అని చూసే పరీక్షలు అప్పటికి బాగా నడుస్తున్నాయి. కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులను చూస్తారు. ఆ పరీక్షను సులువు చేసినవారిలో పాల్ టెరసాకి ఒకరు. జపాన్ సంతతి అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో సొంత ప్రభుత్వమే ఆయన కుటుంబాన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1973 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ నుంచి టెరసాకి బృందం, లండన్ నుంచి డెరిక్ బ్రూవర్టన్ బృందం కొద్ది వారాల తేడాతో ఒకే మాట చెప్పాయి. లండన్ లెక్క చూడండి. వెన్ను జబ్బు ఉన్న 75 మందిలో 72 మందికి హెచ్‌ఎల్‌ఏ బి27 ఉంది. జబ్బు లేని 75 మందిలో ముగ్గురికే ఉంది. వైద్యంలో ఇంత పచ్చిగా కనిపించే తేడా అరుదు. ఆ లెక్కకు గణిత పండితుడు అక్కర్లేదు.

అదే ఏడాది బ్రూవర్టన్ బృందం విరేచనాల, మూత్రనాళపు ఇన్ఫెక్షన్ల తర్వాతి కీళ్ల జబ్బులోనూ, కంటి లోపలి వాపులోనూ బి27 వెతికింది. అక్కడా అది పెద్ద సంఖ్యలో ఉంది. బ్రోడీ ఐదుగురు రోగులూ, ఆ తర్వాతి ఒక్క రోగీ ఒకే గుర్తు కిందికి చేరారు. 1976లో కాలిన్, ఫ్రైస్ అనే ఇద్దరు ఆ ఓడలోని తొమ్మిది మందిలో ఐదుగురి ఆచూకీ తీసి రక్తం పరీక్షించారు. నలుగురికి బి27 ఉంది.

ఇంగ్లండులోని లీడ్స్‌లో వెర్నా రైట్ బృందం రక్త పరీక్ష కంటే ముందు నుంచే మరో దారిలో ఇదే గమ్యానికి నడుస్తోంది. కుటుంబాలను చూసేది. ఒక ఇంట్లో అన్నకు వెన్ను జబ్బు, తమ్ముడికి సోరియాసిస్‌తో కీళ్లు, మేనత్తకు పేగుల్లో పుండ్లు. 1974లో వీటన్నిటినీ ఒక కుటుంబంగా కలిపి రాశారు. 1960ల తొలి ఏళ్ల దాకా అమెరికన్లు వెన్ను జబ్బును రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఒక రకం అనే అనేవారు!

బి27 ఏం చేస్తుంది? కణం లోపల ఏం తయారవుతోందో, కొట్టువాడు సరుకు ముందు పరిచినట్టు, బయట ప్రదర్శించడం దాని పని. రోగనిరోధక కణాలు వచ్చి చూసి, పరాయి ముక్క కనిపిస్తే దాడి చేస్తాయి. బ్యాక్టీరియా ముక్కనూ సొంత ముక్కనూ పోల్చుకోలేక కొడుతున్నాయా, బి27 సరిగ్గా మడత పడక కణమే గొడవ చేస్తోందా అన్నది యాభై ఏళ్లుగా తెగని తగాదా. గట్టి ఆధారం ఒకటి ఎలుకల నుంచి వచ్చింది. 1990లో అమెరికాలో హామర్, టారాగ్ బృందం ఎలుకలలో మనిషి బి27 జన్యువు పెట్టింది. వాటికి పేగు వాపు, కీళ్ల వాపు వచ్చాయి. అవే ఎలుకలను పుట్టుక నుంచీ ఏ సూక్ష్మజీవీ లేని గదిలో పెంచితే పేగులూ బాగున్నాయి, కీళ్లూ బాగున్నాయి. వెన్నుకు పేగుతో సంబంధం ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన ప్రాంతం గురించి ఒక మాట. 2005 చివర, 2006లో చికున్‌గున్యా మన ఉమ్మడి రాష్ట్రాన్ని ఎలా కుదిపిందో ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో పోయింది, కీళ్లు నెలల తరబడి పీడించాయి. అది కూడా ఇన్ఫెక్షన్ తర్వాతి కీళ్ల జబ్బే గాని, ఈ కుటుంబానిది కాదు. అది వైరస్, దాని తీరు వేరు. అయితే ఒక ఇబ్బంది మిగిలింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఏ యువకుడు నడుము పట్టేసిందన్నా "చికున్‌గున్యా తాలూకు" అనే మాట తేలికగా వచ్చేది.

చికిత్స గురించి గబగబా చెబుతాను. నొప్పి, వాపు తగ్గించే మందుల్లో 1949లో ఫినైల్‌బ్యూటజోన్, 1960లలో ఇండోమెథసిన్ వచ్చాయి. మొదటిది బాగా పనిచేసేది, కాని కొందరిలో ఎముక మజ్జను దెబ్బతీసేది. 2000 తర్వాత, ఒంట్లో వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చి, పడక దిగలేని వాళ్లను నడిపించాయి. మన దేశంలో వీటిని మొదలుపెట్టే ముందు లోపల క్షయ దాగి ఉందేమో చూడాలి. నిద్రపోతున్న క్షయను ఇవి లేపుతాయి. వ్యాయామం మాత్రం అన్ని కాలాల్లోనూ మిగిలింది. ఒకప్పుడు ఈ రోగులను పలక మంచాల మీద కదలకుండా పడుకోబెట్టారు. కదలకపోతే బిగుసుకునే జబ్బుకు కదలవద్దన్నారు!

చీటీలు వచ్చాయట, చూద్దాం.

మొదటిది, ఊహించిందే: ఏం తినాలి? పిండి పదార్థాలు మానితే తగ్గుతుందని లండన్‌లో ఒక పరిశోధకుడు చాలా ఏళ్లు వాదించారు, అది రుజువు కాలేదు. అన్నం తినండి. సిగరెట్ మానండి. అది వెన్ను బిగుసుకోవడాన్ని వేగం చేస్తుంది.

రెండోది: "మా అమ్మాయికి రెండేళ్లుగా నడుము నొప్పి. ఇది మగవాళ్ల జబ్బని డాక్టరు గారు అన్నారు." నేను చదువుకున్నప్పుడు కూడా పది మంది మగవాళ్లకు ఒక ఆడమనిషి అని రాసుండేది. ఆ లెక్క తప్పు. ఆడవాళ్లలో వెన్ను ఎక్స్‌రేలో అంత త్వరగా మార్పు కనిపించదు, అందుకని వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. అమ్మాయిని అడగండి. నొప్పి నెమ్మదిగా మొదలైందా? మూడు నెలలు దాటిందా? పొద్దున లేవగానే బిగుసుకుని, తిరిగితే సడలుతోందా? పడుకుంటే పెరుగుతోందా? ఔననే జవాబులు ఎక్కువైతే కీళ్ల వైద్యుడికి చూపించండి. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయిన రోజులు ఉంటే అది కూడా మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.

మూడోది: "మా అబ్బాయికి జబ్బు లేదు గాని పరీక్షలో బి27 ఉందని వచ్చింది. పెళ్లి సంబంధాల్లో చెప్పాలా?" అసలు ఆ పరీక్ష ఎవరు, ఎందుకు చేయించారో ముందు నాకు చెప్పాలి. (నవ్వులు) బి27 ఉన్నవాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు జీవితాంతం రాదు. పైగా అది శరీరానికి కొంత మేలు కూడా చేస్తుంది. హెచ్‌ఐవీ సోకినవారిలో బి27 ఉంటే జబ్బు నెమ్మదిగా ముదురుతుందని తేలింది. అబ్బాయి నుంచి బిడ్డకు అది వచ్చే అవకాశం సగానికి సగం, వచ్చినా జబ్బు రాకుండా ఉండే అవకాశమే ఎక్కువ. జబ్బు ఉంటే దాచకుండా చెప్పండి. జబ్బు లేకుండా గుర్తు మాత్రమే ఉంటే అందులో చెప్పడానికి జబ్బేమీ లేదు. ఆ కాగితాన్ని జాతకం పక్కన పెట్టకండి.